సిట్టకోసారస్‌కి ఐదో వేలు: పుట్టీ పెట్టిన ఒక శిలాజం, కేస్ స్టడీ

ఈ శిలాజం ఏ దేశపు కస్టమ్స్‌కి చిక్కిందో, ఏ ల్యాబులో పని జరిగిందో, ఏ ఏడాదో ఇక్కడ రాయడం లేదు. కేటలాగు నంబరు కూడా తీసేశాం. కొలతలు, మందులు, పనిముట్లు, ఏ మలుపులో ఏం ఆలోచించి ఏం చేశామన్నది మాత్రం పని పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

నేపథ్యం

సిట్టకోసారస్ ఒక చిన్న డైనోసార్. పేరుకు అర్థం చిలుక బల్లి. ముక్కు చూస్తే పేరెందుకు వచ్చిందో అడగక్కర్లేదు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్ల యాత్రలో 1922లో మంగోలియాలో దొరికింది. 1923లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బోర్న్ పేరు పెట్టాడు. మూడు కొమ్ముల డైనోసార్ ట్రైసెరాటాప్స్ వంశవృక్షంలో తొలి కొమ్మల్లో ఒకటి. అయితే ముఖాన కొమ్ములు లేవు, మెడ మీద పళ్లెంలాంటి ఎముకా లేదు. పెద్దదైతే ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవు, బరువు దాదాపు 20 కిలోలు. సగటు మేకకంటే తేలిక.

ఈ కేసులోది చైనాలోని లియావోనింగ్ నుంచి, యీషియన్ రాతిపొరల అడుగున ఉండే లుజియాటున్ పడకల నుంచి వచ్చింది. వయసు సుమారు 12.5 కోట్ల ఏళ్లు, అంటే క్రెటేషియస్ తొలి భాగం. ఆ పడకల పేరు మీదే 2006లో సిట్టకోసారస్ లుజియాటునెన్సిస్ అనే జాతిని గుర్తించారు. యీషియన్‌లోనే పైనున్న సరస్సు పలకల్లో జంతువులు పుస్తకంలో దాచిన పువ్వులా అణిగిపోయి, ఈకల జాడలతో సహా దొరుకుతాయి. లుజియాటున్‌లో అలా కాదు. అగ్నిపర్వత బూడిద కలిసిన ఇసుకరాతిలో ఎముకలు ఉబ్బెత్తుగా, దాదాపు అసలు ఆకారంలోనే ఉంటాయి. చర్మం జాడ మాత్రం ఉండదు.

అక్కడ ఈ జంతువు విరివిగా దొరుకుతుంది. విరివిగా దొరికేదానికే అతుకుల వ్యాపారం ఎక్కువ. తలలేని మొండెం ఒకటీ, మొండెం లేని తల ఒకటీ చేతిలో ఉన్నవాడికి రెంటినీ కలిపితే ధర రెట్టింపు కన్నా ఎక్కువ పలుకుతుందని తెలుసు. శాస్త్రవేత్తలూ దీనికి అతీతులు కారు. ఒక పెద్ద సిట్టకోసారస్ చుట్టూ 34 పిల్లలున్న దిమ్మెను 2004లో ‘తల్లి పెంపకం’ అన్న అర్థంలో ప్రచురించారు. పెద్దదాని పుర్రె తర్వాత అతికించిందేనని 2014లో మళ్లీ పరిశీలించినవాళ్లు చెప్పారు. 1999లో ‘ఆర్కియోరాప్టర్’ గొడవ కూడా లియావోనింగ్‌దే. అందులో ముక్కలు అతికించారని సీటీ స్కాన్ చూపింది, తోక వేరే జంతువుదని దాని జంట పలక దొరికాక తేలింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పలు జంతువుల ఎముకలు కలిపి ఒక అస్థిపంజరం నిలబెట్టడం దానంతట అది మోసం కాదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడిన కోటసారస్, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర ఒకేచోట గుట్టగా దొరికిన కనీసం 12 జంతువుల ఎముకల్లోంచి వచ్చింది. ఆ సంగతి బాహాటంగానే రాసి ఉంది. చెప్పకుండా కలిపితేనే చిక్కు.

దిమ్మె వచ్చినప్పుడు

55 × 40 సెంటీమీటర్లు, ఎక్కువ మందం ఉన్నచోట 12 సెంటీమీటర్లు, 31 కిలోలు. బోర్లా పడుకున్న పూర్తి జంతువు, తోక దిమ్మె అంచు వెంబడి అర్ధచంద్రంలా తిరిగి ఉంది. పుర్రె 14 సెంటీమీటర్లు, తొడ ఎముక 11. అంటే పూర్తిగా ఎదగని జంతువు.

రాసుకున్న ఫిర్యాదులు మూడు. తుంటి వెనక అడ్డంగా పగులు, దిమ్మె ఎత్తితే రెండు ముక్కలూ కదులుతున్నాయి. ఎముకల మీది గోధుమ రంగు పొట్టులా లేస్తోంది. మూడోది కాగితాల పని: వెనక్కి పంపే ముందు ఇందులో ఎంత నిజమో తేల్చి రాయాలి. చైనాలో శిలాజాల రక్షణ నిబంధనలు 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. అందుకే ఈ దిమ్మె మజిలీ ఇక్కడ తాత్కాలికం. సొంతదారు పక్షం రాతపూర్వకంగా పెట్టిన షరతులివి: ఎముక కోయకూడదు, పలుచని ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పెట్టకూడదు, ప్రయాణంలో ప్రమాదం తెచ్చే పాత మరమ్మతు తీసేయవచ్చు, తీసిన ప్రతి ముక్కా తిరిగి ఇవ్వాలి.

ఈ షరతులు పని దారినే మార్చేశాయి. మామూలుగా అయితే రెండు ఎముకలు ఒకే జంతువువా కాదా అన్నదానికి ఎముక అడ్డకోతలో పెరుగుదల గీతలు లెక్కపెట్టడం దగ్గరి దారి. ఆ దారి మొదటి రోజే మూసుకుపోయింది.

మొదటి అనుమానం ఎడమ చేతి దగ్గర వచ్చింది. ఐదు వేళ్లున్నాయి. సిట్టకోసారస్ చేతికి ఐదో వేలు ఉండదు, నాలుగోది కూడా ఒకే చిన్న కణుపుతో ముగుస్తుంది. ఈ చేతికి మాత్రం ఐదూ చక్కగా, మనిషి చేతిలా వరసగా ఉన్నాయి. చెక్కినవాడు తన చేతిని చూసి చెక్కి ఉంటాడు.

ముట్టుకోకముందు చూసినవి

వారం పాటు ఏ మందూ రాయలేదు, ఏ పనిముట్టూ పట్టలేదు. కారణం ఉంది. పాత మరమ్మతు కూడా ఒక సాక్ష్యమే, తుడిచాక మళ్లీ రాదు. కింది వరస కూడా ఆలోచించి పెట్టిందే, ఖర్చు తక్కువైంది ముందు, చెయ్యి తగిలేది చివర.

చీకటి గదిలో 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం. బజారులో చవగ్గా దొరికే 395 నానోమీటర్ల టార్చిలు ఈ పనికి చాలవు. వాటి ఊదా వెలుగే కంటినిండా పడి, రాయి తిరిగి ఇచ్చే మెరుపును మింగేస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. ఈ దిమ్మెలో ఎముక మట్టి పసుపులో, పుట్టీ నీలం కలిసిన తెలుపులో, పైన పూసిన రంగు నల్లటి మచ్చలుగా కనిపించాయి. తుంటి వెనక 6 సెంటీమీటర్ల వెడల్పున తెల్లటి పట్టీ, ఎడమ చేయి దాదాపు మొత్తం, కుడి దవడ ముందు భాగం.

తర్వాత ఆసుపత్రి సీటీ స్కానర్, 0.6 మిల్లీమీటర్ల పొరలతో. పుట్టీని పట్టించే గుర్తులు ఇవి: రాతికన్నా పలుచగా, ఏకరీతిగా కనిపిస్తుంది. కలిపేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు గుండ్రటి నల్ల చుక్కలుగా తేలతాయి. రాతిలో వస్తున్న పగులు పుట్టీ దగ్గరికొచ్చి ఠక్కున ఆగిపోతుంది. అన్నిటికన్నా నమ్మదగింది ఈ మూడోదే. కోట్ల ఏళ్ల పగులుకి పుట్టీ అంచు తెలియదు కదా. తోక పొడవునా ఇనుప తీగ ఒకటి మెరిసింది. దాని చుట్టూ చారలు పడి పక్కనున్న నాలుగు వెన్నుపూసల వివరం పాడైంది. పళ్ల వరస చూడటానికి 0.6 మిల్లీమీటర్లు చాలలేదు. మైక్రో సీటీకి దిమ్మె పట్టదు. పళ్ల సంగతి సూక్ష్మదర్శినికి వదిలేశాం. చిలుక ముక్కు వెనక కింది దవడ పళ్లకు మధ్యలో ఉబ్బెత్తు గట్టు ఉండాలి. కుడివైపు ముందరి నాలుగు పళ్లకు గట్టు లేదు, సూదిమొనల్లా ఒకే కొలతలో ఉన్నాయి. అవీ చెక్కినవే.

చివరగా పుట్టీలోంచి గసగసాలంత రెండు రేణువులు తీసి, ఏ పదార్థమో పరారుణ కాంతితో తేల్చే ఎఫ్‌టీఐఆర్‌ పరీక్షకి పంపాం. ఎముక కాదు కాబట్టి షరతు అడ్డు రాలేదు. వచ్చిన జవాబు: కార్ల డెంటింగ్ షెడ్డులో వాడే పాలియెస్టర్ పుట్టీ, అందులో టాల్క్. చిన్న అతుకుల్లో సూపర్ గ్లూ. తోక అతుకులో ఎపాక్సీ. ఈ మూడింటికీ ఒకే మందు లేదన్నది అప్పుడే తెలిసింది, కానీ ఎంత ఇబ్బంది పెడుతుందో అప్పటికి తెలియలేదు.

పనికిరాని ప్రయత్నాలు

రంగుతో మొదలు. డిస్టిల్డ్ నీళ్లకు చలనం లేదు. అసిటోన్ తగిలించగానే క్షణాల్లో కరిగింది, చూసి సంతోషించినంతసేపు పట్టలేదు. కరిగిన రంగు ఎముక సన్నరంధ్రాల్లోకి దిగి, తుడిచాక కూడా గోధుమ మరక మిగిలింది. పరీక్షకు ఎంచుకున్నది పక్కటెముక వెనకభాగం, రెండు మిల్లీమీటర్ల చుక్క మాత్రమే. అక్కడే ఆపాం. మందు పనిచేయకపోవడం సమస్య కాదు, మరీ వేగంగా పనిచేసి సరుకును లోపలికి తోసింది.

పుట్టీకి మొదట అసిటోన్ పట్టీ. దూదిని తడిపి, పైన పాలిథిన్ కప్పి 20 నిమిషాలు. గట్టిపడిన పాలియెస్టర్ అసిటోన్‌లో కరగదు, ఉబ్బుతుంది. పైపొర రబ్బరులా మెత్తబడింది, గోరంత లేచింది. అయితే తుంటి ఎముక పక్కనున్న పగుల్లో దిగిన పుట్టీ కూడా ఉబ్బి, 4 మిల్లీమీటర్ల ఎముక పెచ్చును పైకి లేపింది. పెచ్చు దొరికింది, తర్వాత అతికించాం. ఈ కేసులో మా చేతిమీద జరిగిన పెద్ద నష్టం అదే. నివేదికలో ఫొటోతో సహా పెట్టాం. ఖాళీ చోటులో ఉన్న పుట్టీకి అసిటోన్ పట్టీ వేసుకోవచ్చు. రెండు ఎముకల మధ్య ఇరుక్కున్న పుట్టీకి అదే పట్టీ రాళ్లు చీల్చే తడి మేకు అవుతుంది.

రెండోది గాలితో పొడి కొట్టే యంత్రం. మెత్తటి సోడియం బైకార్బొనేట్ పొడి, తక్కువ ఒత్తిడి. తర్కం పైకి బాగానే ఉంది: వంటసోడా కాఠిన్యం 2.5, ఎముకలోని అపటైట్‌ది 5, కాబట్టి ఎముకకు భయం లేదు. తర్కంలో లోపం ఏమిటంటే ఇక్కడ కాఠిన్యం ఒక్కటే లెక్క కాదు. పుట్టీలో సాగే గుణం ఉంది, రేణువు తగిలి బంతిలా ఎగిరిపోతుంది. పక్కనున్న, అప్పటికే సన్నసన్నగా పగిలిన ఎముక మాత్రం అరుగుతుంది. పది సెకన్లలో పుట్టీ చెక్కుచెదరలేదు, ఎముక అంచు నున్నగా మెరిసింది. ఆపేశాం. రాయి తీయడానికి ఈ యంత్రం బంగారం, ప్లాస్టిక్ జాతి వస్తువు తీయడానికి కాదు.

మూడోది గాలి ఉలి. అదీ అంతే. పుట్టీ అదురును మింగుతుంది. విరిగితే పెళ్లగా విరుగుతుంది, ఆ పెళ్ల తనకు అంటుకున్న ఎముకను తీసుకొస్తుంది. చెక్కిన వేళ్ల మీద తప్ప ఎక్కడా వాడలేదు, ఆ వేళ్ల కింద ఎముకే లేదు కాబట్టి.

మందుతో కాకుండా బుర్రతో చేసిన పొరపాటు ఒకటి ఉంది. తోక వేరే జంతువుదన్న అనుమానానికి మొదట దొరికిన ఆధారం ఇది: వెన్నుపూసలో దిండుకీ దాని మీది కమానుకీ మధ్య ఒక అతుకు గీత ఉంటుంది, జంతువు ఎదిగేకొద్దీ కలిసిపోతుంది. ఈ దిమ్మెలో నడుం పూసల గీతలు తెరిచి ఉన్నాయి, తోక పూసలవి పూర్తిగా మూసుకున్నాయి. నడుం పిల్లది, తోక పెద్దది, కాబట్టి రెండు జంతువులు. నివేదిక చిత్తుప్రతిలో ఈ వాక్యం ఎక్కేసింది కూడా. ఎక్కకూడనిది. మొసళ్లలో ఈ గీతలు తోక చివర మొదలై మెడవైపు వరసగా మూసుకుంటాయి. డైనోసార్లలో వరస జాతిని బట్టి మారినా, తోక ముందు మూసుకోవడం వింతేమీ కాదు. ఒకే ఆరోగ్యమైన జంతువులోనూ ఇదే దృశ్యం కనిపించవచ్చు. ఆధారం కొట్టేశాం. తేలిన నిజం మా అనుమానం వైపే ఉన్నా, ఆ ఆధారం మాత్రం తప్పే.

పనిచేసిన పద్ధతి

రంగుకు 50 శాతం ఇథనాల్. అసిటోన్‌కన్నా నెమ్మది, అదే దాని సుగుణం. ఎముక మీద జపాన్ పలుచకాగితం పరిచి, కుంచెతో ఇథనాల్ తడిపితే, ద్రవం కాగితం పైముఖాన ఆవిరవుతూ రంగును తనవైపు లాక్కుంటుంది. ఎముకలోకి దిగాల్సిన సరుకు కాగితంలోకి ఎక్కుతుంది. ఒకసారికి 2 సెంటీమీటర్ల చదరం, అంతకు మించితే ఒక చివర ఆరేలోపు రెండో చివర మరక పడుతుంది. మూడు నాలుగు కాగితాలకు చాలావరకు తేలింది. మిగిలిన పొట్టు దూదిపుల్లతో. పుల్లను దొర్లించాలి, రుద్దకూడదు. దొర్లించిన పుల్లను మళ్లీ అద్దకూడదు.

ఇక్కడ వరస ముఖ్యం. లేస్తున్న ఎముకకు ముందే పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ జిగురు పట్టించి గట్టిచేద్దామన్న ఆలోచన వచ్చింది, రెండు కారణాలతో ఆగాం. ఒకటి, రంగు దాని కింద శాశ్వతంగా ఇరుక్కుంటుంది. రెండోది, తర్వాత పుట్టీకి వేడి వాడబోతున్నాం. బి-72 సుమారు 40 డిగ్రీలకే మెత్తబడుతుంది. వేడి తగిలితే ఎముక పెచ్చులు జిగురులో తేలిపోతాయి. అందుకని రంగు, పుట్టీ, ఆ తర్వాతే గట్టిచేయడం.

పుట్టీ తీయడం రెండు అంచెల్లో. మొదటిది పలుచన చేయడం. చేతి మైక్రోమోటారుకు 1 మిల్లీమీటరు గుండ్రటి బర్ (తిరుగుతూ అరగదీసే మొన), తక్కువ వేగం, సూక్ష్మదర్శిని కింద. వేగం పెంచితే పుట్టీ వేడికి మెత్తబడి బర్‌కి చుట్టుకుంటుంది. సీటీ పొరల్లో పుట్టీ మందం ముందే కొలిచి ఉంది కాబట్టి ఎముకకు అర మిల్లీమీటరు మిగిలేదాకా ధైర్యంగా వెళ్లొచ్చు, ఆ తర్వాత బర్ పక్కన పెట్టాలి. రెండోది వేడి. ఉష్ణోగ్రత అదుపు ఉన్న చిన్న గరిటెను 75 డిగ్రీలకు పెట్టి, మిగిలిన పొర మీద కొన్ని సెకన్లు ఆనిస్తే అది బెల్లం పాకంలా కాకపోయినా గట్టి రబ్బరులా అవుతుంది. అప్పుడు 15 నంబరు స్కాల్పెల్ మొనతో ఎముకకు సమాంతరంగా తొక్కలా తీయాలి. నిలువుగా పొడిస్తే ఎముక గీసుకుపోతుంది. తీస్తూ మధ్యలో చల్లారనివ్వాలి, పక్క ఎముక వేలికి వెచ్చగా తగిలితే అది ఎక్కువైనట్టే. పొగ పీల్చే గొట్టం పక్కనే ఉండాలి. ఈ పుట్టీ వేడెక్కితే స్టైరీన్ ఆవిరి వదులుతుంది.

ఈ లెక్కన గంటకు ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. తుంటి వెనక పట్టీకే మూడు వారాలు పోయాయి.

సూపర్ గ్లూ అతుకులు చాలావాటిని కదల్చలేదు. నాలుగు చోట్ల ఎముక సరైన స్థానంలోనే అతికి ఉంది. అందంగా లేకపోయినా గట్టిగా ఉంది. దాన్ని విడదీసి మళ్లీ మంచి జిగురుతో అతికించడం చేతి దురదే తప్ప చికిత్స కాదు. విడిపోతున్న రెండు అతుకుల్ని మాత్రం అసిటోన్ ఆవిరిలో రాత్రంతా ఉంచి విడదీశాం.

తోక తీయాలా వద్దా

కేసులో ఎక్కువ వాదన ఇక్కడే. తీయడానికి కారణం: తీగతో కట్టిన ఆ బరువే తుంటి పగుల్ని సాగదీస్తోంది, విమానంలో కదిలితే నిజమైన నడుం విరుగుతుంది. తీయకపోవడానికి కారణం: తోకలోవి కూడా నిజమైన ఎముకలే. ఎవరో ఒక జంతువువి. విడదీస్తే అది దిక్కూ మొక్కూ లేని ముక్క అవుతుంది.

కాబట్టి తోక పరాయిదని రుజువైతేనే తీయాలని గీత గీసుకున్నాం. రాతి రేణువుల పోలిక మొదటి ఆధారం: పైన గ్లూ, దుమ్ము కలిపి పూసిన పొర తీసేశాక, మొండెం వైపు రాయి ముతక, తోక వైపు సన్నం, పొరపొరలు. ఇది సూచనే, రుజువు కాదు. ఆ పడకల్లో అరడుగు దూరంలోనే రాయి మారవచ్చు. కొలత రెండో ఆధారం: తుంటి చివరి పూస వెనక ముఖం ఎత్తు 15 మిల్లీమీటర్లు, దానికి అతికించిన ‘మొదటి’ తోక పూస ముందు ముఖం 19. పక్కపక్క పూసలు సరిపోలాలి. తోకవైపు పోయేకొద్దీ పూసలు చిన్నవవ్వాలే కానీ ఒక్కసారిగా పెద్దవి కాకూడదు. ఇది బలమైనదే. అయినా అణిగి వెడల్పయిన ఎముక కావచ్చన్న వాదనకు చోటుంది.

వాదన ముగించింది పుట్టీయే. పట్టీ కింద చివరి 2 మిల్లీమీటర్లు తీస్తుంటే రాతిలో ఎముక అంచు తగిలింది. సీటీలో అది తీగ చారల కింద దాగిపోయింది. శుభ్రం చేస్తే రెండు తోక పూసలు, తుంటి చివరి పూసకు ముఖాముఖి ఆనుకుని, 15 మిల్లీమీటర్ల ఎత్తుతో, కిందికీ ఎడమకీ వంగి రాతిలోకి పోతున్నాయి. అసలు తోక అది. అతికించినవాడు దాని మీదే పుట్టీ పరిచి, పైన కొత్త తోక పెట్టాడు. దిమ్మె కింద తోక ఉన్న సంగతి అతనికి తెలియకపోయి ఉండాలి, లేదా రాయి తొలిచే ఓపిక లేకపోయి ఉండాలి.

కోత అంతా ఎపాక్సీలోనే పడేలా నగల పనివాళ్లు వాడే సన్న రంపంతో కోశాం. తీగ దగ్గర వజ్రపు బిళ్ల, నీటి చుక్కలు లేకుండా, ఆగుతూ. బూడిద కలిసిన ఈ రాతిలో బంకమన్ను ఉంటుంది, తడిస్తే ఉబ్బి పొరలు విడుతుంది. అసలు తోక మిగతా భాగం రాతిలోనే వదిలేశాం. అది తీయడం మరమ్మతు కాదు, కొత్త తవ్వకం. నిర్ణయించాల్సింది సొంతదారు.

కడుపులో రాళ్లు

సిట్టకోసారస్ పక్కటెముకల మధ్య గులకరాళ్లు దొరకడం ఆస్బోర్న్ నాటి నుంచీ తెలుసు. కోడి కందనకాయలో రాళ్లలాగే ఆకు నలగ్గొట్టడానికి మింగినవి. ఈ దిమ్మెలో 17 ఉన్నాయి. అమ్మేవాడికి ఇవి బేరం పెంచే సరుకు, అందుకే ఒక్కోదాన్నీ సీటీలో విడిగా చూశాం. 11 రాళ్లు కదలని రాతిలో, చుట్టూ పగుళ్లు నిరాటంకంగా సాగుతూ ఉన్నాయి. 6 పుట్టీలో ఉన్నాయి. ఆ ఆరూ అబద్ధమని అనలేం. అక్కడే రాలిపడినవాటిని తిరిగి గుచ్చి ఉండొచ్చు. లెక్కలోకి మాత్రం 11 తీసుకున్నాం, ఆరింటికి నివేదిక పటంలో పసుపు గుర్తు, అంటే స్థానం అనుమానమని.

అతకడం, నిలబెట్టడం

ఎముక గట్టిచేయడానికి బి-72 అసిటోన్‌లో 3 శాతం, అంటే 100 మిల్లీలీటర్లకు 3 గ్రాములు. గింజల్ని సీసాలో నేరుగా పోస్తే అడుగున ముద్ద కడతాయి, పలుచటి గుడ్డలో మూటకట్టి ద్రవంలో వేలాడదీస్తే రాత్రికి కరుగుతాయి. పైన మెరుపు వస్తే పాకం చిక్కనైనట్టు. అతుకులకు 50 శాతం. ఖాళీలకు అదే జిగురులో గాజు సూక్ష్మగోళాలు కలిపి, ఎముకకన్నా రెండు ఛాయలు లేత రంగులో. అడుగు దూరం నుంచి కంటికి ఇబ్బంది ఉండకూడదు, అరచేతి దూరం నుంచి చూస్తే మాత్రం మరమ్మతని తెలిసిపోవాలి.

మన ప్రాంతంలో ఈ పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 40 డిగ్రీల మెత్తబడే గుణం చల్లటి దేశాల పుస్తకాల్లో పెద్ద విషయం కాదు. రామగుండం మే నెలలో, ఏసీ లేని గదిలో బరువు మోసే అతుకుకు బి-72 పెడితే అది మెల్లగా జారుతుంది. బరువు మోసేచోట 60 డిగ్రీల దాకా నిలిచే, అదే జాతి జిగురు బి-44 వాడాలి, లేదా బరువే అతుకు మీద పడకుండా కింద తొట్టి కట్టాలి. ఇక్కడ రెండోదే చేశాం: ప్లాస్టర్ తొట్టి, లోపల పాలిథిలీన్ ఫోమ్. తుంటి పగులు ఇప్పుడు జిగురు మీద కాదు, తొట్టి మీద కూర్చుంది.

మళ్లీ చేస్తే మార్చేవి

వస్తువు చేతికి రాగానే జంతువు శరీర నిర్మాణం తెలిసినవాళ్లను కూర్చోబెట్టి వేళ్లు, పళ్లు, పూసలు లెక్కపెట్టించాలి. ఐదో వేలు పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు, సీటీకి ఎక్కడ ఎక్కువ సమయం పెట్టాలో అదే చెప్పింది. అతినీలలోహితంలో తీసిన ఫొటోలు రెండో వారం మళ్లీ తీయాల్సి వచ్చింది, కెమెరాకు వడపోత అద్దం పెట్టకపోవడం వల్ల. తీగ ఉందని సీటీలో తెలిసిన వెంటనే, దిమ్మెను వేరే కోణంలో పెట్టి ఇంకోసారి స్కాన్ చేసి ఉంటే ఆ నాలుగు పూసల చోట చారలు తప్పుకుని అసలు తోక మూడు వారాలు ముందే కనిపించేది. పుట్టీ మీద అసిటోన్ పరీక్ష పగులు పక్కన కాకుండా, కింద ఎముక లేదని తెలిసిన ఐదో వేలు మీద చేసి ఉండాల్సింది.

నివేదికకు జత చేసిన పటంలో నాలుగు రంగులు: ఈ జంతువు ఎముకకు ఆకుపచ్చ, స్థానం అనుమానమైనదానికి పసుపు, మనిషి చేసినదానికి ఎరుపు, పరాయి జంతువుకు నీలం. వచ్చినప్పుడు ‘పూర్తి అస్థిపంజరం’. వెళ్లేటప్పుడు ఎముకలా కనిపించిన ఉపరితలంలో దాదాపు మూడో వంతు ఎరుపు, నీలం.

ఎడమ చేతి వేళ్లు ఐదూ తీశాం. కింద మణికట్టు దాకా నిజమైన ఎముక, దాని ముందు ఖాళీ రాయి. దిమ్మె ఒక పెట్టెలో, తోక వేరే పెట్టెలో వేరే నంబరుతో, పుట్టీ ముక్కలు 43 జిప్ సంచుల్లో, ఒక్కో సంచి మీద పటంలోని గడి సంఖ్యతో వెళ్లాయి. ఐదో వేలు 17వ సంచిలో ఉంది.